నిబద్ధత పేజీ రాయమన్నారా? ముందు ఇవి తేల్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రెండు వందల మంది పనిచేసే సంస్థలో మీరు హెచ్‌ఆర్ చూస్తున్నారు. వైవిధ్యం, అందరినీ కలుపుకుపోవడం, యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లు కూడా ఇబ్బంది లేకుండా వాడుకోగలగడం) విషయంలో సంస్థ నిబద్ధత ఏమిటో చెప్పే పేజీ ఒకటి రాయమని డైరెక్టర్లు అన్నారు. మంచి నమూనా కావాలి. సిబ్బంది అందరికీ ఒక రోజు శిక్షణ పెడితే చాలా? దరఖాస్తులోనే వైకల్యం, లింగం లాంటి వివరాలు అడగొచ్చా?

నమూనాలకు కొదవ లేదు. ఏ పెద్ద సంస్థ సైటు తెరిచినా ఒకటి దొరుకుతుంది. అందులో పేరు తీసేసి ఇంకో సంస్థ పేరు పెట్టినా ఎవరూ పోల్చుకోలేరు. అందుకే నేను నమూనా ఇవ్వడం లేదు. ఈ పేజీని మీరు ఆఖరున రాయాలి. దానికి ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి, అవి తేలితే పేజీ గంటలో అయిపోతుంది.

సంస్థల నియామక పద్ధతులనూ ఆఫీసు ఏర్పాట్లనూ ఈ కోణంలో పరిశీలించి రిపోర్టులు ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. నేను చూసినంతలో, ఏ అవసరమూ లేనివాళ్లు ఈ పేజీని పైపైన చూసి వెళ్లిపోతారు. అవసరం ఉన్నవాళ్లు మాత్రం వెతుక్కుంటూ చదువుతారు. ఇంటర్వ్యూకి సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఎవరిని అడగాలి? అడిగితే ఎన్నాళ్లలో చెబుతారు? అడిగిన పాపానికి నా దరఖాస్తు పక్కన పడేస్తారా? 'మేము వైవిధ్యాన్ని గౌరవిస్తాం' అనే వాక్యం వీటిలో దేనికీ జవాబు కాదు. నా లెక్కలో నిబద్ధత అంటే నాలుగు సంగతులు: ఎవరిని అడగాలి, ఎంత గడువులో తేలుస్తారు, డబ్బు ఎవరి పద్దు నుంచి వస్తుంది, కాదంటే పైన ఎవరికి చెప్పుకోవాలి. ఈ నాలుగూ రాయలేకపోతే పేజీ పెట్టకపోయినా నష్టం లేదు.

ముందు మీ దరఖాస్తు ఫారం దగ్గర మొదలుపెట్టండి. నిబద్ధత పేజీ కింద 'ఇక్కడ అప్లై చేయండి' అనే బటన్ ఉంటుంది కదా, చాలామందికి కథ అక్కడే ముగుస్తుంది. ఒక పని చేయండి. మౌస్ తీసి పక్కన పెట్టి, ఒక్క కీబోర్డుతో ఫారం మొత్తం నింపి చూడండి. ట్యాబ్ నొక్కుతూ ముందుకు, షిఫ్ట్‌తో కలిపి నొక్కి వెనక్కి. మీరు ఏ గడిలో ఉన్నారో తెరమీద తెలుస్తోందా? పుట్టిన తేదీ క్యాలెండర్ తెరుచుకుంటోందా, లేక మౌస్ లేకపోతే అక్కడే ఇరుక్కుపోతున్నారా? రెజ్యూమె అప్‌లోడ్ బటన్‌ దాకా అసలు వెళ్లగలుగుతున్నారా? తర్వాత ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, దించుకుని, తెర ఆపేసి, అదే ఫారం వినండి. అది ఉచితమే. చూపు లేని లక్షల మంది వాడేది అదే. గడులకు లేబుల్స్ సరిగ్గా పెట్టకపోతే అది 'ఎడిట్, ఎడిట్, ఎడిట్, బటన్' అని చదువుతుంది. ఏ గడిలో పేరు రాయాలో, ఏ గడిలో ఫోన్ నంబరు రాయాలో ఊహించుకోవాల్సిందే.

దీనికి ప్రపంచమంతా వాడే కొలబద్ద ఒకటుంది: వెబ్ ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ రూపొందించిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్, అందరూ డబ్ల్యూసీఏజీ అంటారు. మొదటిది 1999లో వచ్చింది, ఇప్పుడు నడుస్తున్న 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. మీ వెబ్‌సైట్ కాంట్రాక్టర్‌తో 'డబ్ల్యూసీఏజీ 2.2, ఏఏ స్థాయి' (అందులోని మూడు స్థాయిల్లో మధ్యది) అని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. 'యాక్సెసిబుల్‌గా ఉండాలి' అని మాత్రం రాస్తే, అయిపోయిందని వాళ్లంటారు, కాలేదని మీరంటారు. ఆ ప్రమాణంలో అంకెలుంటాయి కాబట్టి వాదన ఉండదు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. అక్షరాలను 200 శాతం పెద్దవి చేసినా పేజీ పనిచేయాలి. నొక్కే బటన్లు కొన్ని మినహాయింపులు పోగా కనీసం 24 పిక్సెళ్ల పొడవూ వెడల్పూ ఉండాలి. లేత బూడిదరంగు అక్షరాలు చూడ్డానికి స్టైల్‌గా ఉంటాయని డిజైనర్లు ముచ్చటపడతారు, ఆ ముచ్చటే ఎక్కువ సైట్లలో కనిపించే లోపం. పది లక్షల హోమ్ పేజీలను ఏటా పరీక్షించే వెబ్ఎయిమ్ అనే సంస్థ నివేదికలో నూటికి 90కి పైగా పేజీల్లో దొరికిపోయే లోపాలుంటాయి. వాటిలో ఏటా మొదటి స్థానం సరిపడా కాంట్రాస్ట్ లేని అక్షరాలదే.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. 'ఒక్క లైను కోడ్ పెట్టండి, మీ సైటు పూర్తిగా యాక్సెసిబుల్ అయిపోతుంది' అంటూ విడ్జెట్లు అమ్మేవాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. కొనకండి. లేబుల్ లేని గడికి ఏం పేరు పెట్టాలో ఆ విడ్జెట్‌కు తెలియదు. చాలాసార్లు అది స్క్రీన్ రీడర్‌కే అడ్డొస్తుంది. ఇలాంటి ప్రచారం చేసిన ఒక కంపెనీపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది, ఆ కంపెనీ 10 లక్షల డాలర్లు చెల్లించాలని 2025లో ఆదేశం వచ్చింది. అసలు ఫారాన్ని సరిచేయించడానికి అయ్యే ఖర్చు ఆ విడ్జెట్ చందా కన్నా తక్కువే ఉండొచ్చు, అడిగి చూడండి.

ఇక అసలు విషయం, సర్దుబాట్లు. 'రీజనబుల్ అకామడేషన్' అనే మాట మీరు వినే ఉంటారు. ఒక మనిషి పని చేయడానికి అడ్డుగా ఉన్నదాన్ని, సంస్థపై మోయలేని భారం పడకుండా తొలగించడం అన్నమాట. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, అలాంటి సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని తన నిర్వచనంలోనే చెప్పింది. ఉద్యోగానికి సంబంధించిన 27వ అధికరణం, పనిచోట ఈ సర్దుబాట్లు జరిగేలా చూడమని దేశాలను కోరింది. 180కి పైగా దేశాలు దాన్ని ఆమోదించాయి. మీ దేశపు చట్టం ఇంకా ఏమేం అడుగుతోందో మీ లాయరుతో సరిచూసుకోండి. నేను చెప్పేది చట్టం అడిగినా అడక్కపోయినా పనికొచ్చే పద్ధతి.

మొదటి తప్పు దాదాపు అన్నిచోట్లా ఒకటే: ఖర్చు ఆ ఉద్యోగి టీమ్ బడ్జెట్‌లో వేయడం. మేనేజర్ స్థానంలో ఉండి ఆలోచించండి. ఇద్దరు అభ్యర్థులు సమానంగా ఉన్నారు, ఒకరికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ డబ్బు తన టీమ్ ప్రయాణాల పద్దులోంచి పోతుంది. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు, చేయి మాత్రం రెండో అభ్యర్థి వైపే వెళుతుంది. అందుకే డబ్బు సంస్థ ఉమ్మడి నిధిలోంచి రావాలి, మేనేజర్‌కు ఆ బిల్లు కనిపించనే కూడదు. ఈ ఒక్క మార్పు కోసం డైరెక్టర్లతో గట్టిగా మాట్లాడండి. మిగతావన్నీ వాళ్లు కాదన్నా ఇది ఒప్పించుకుంటే సగం పని అయినట్టే.

ఖర్చు అనగానే వాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. అమెరికాలోని జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ చాలా ఏళ్లుగా యజమానులను సర్వే చేస్తోంది. సర్దుబాట్లలో సుమారు సగానికి అసలు ఖర్చే కాలేదని వాళ్లు చెబుతూ వచ్చారు, అయినవాటిలో ఎక్కువ భాగం ఒక్కసారి పెట్టే చిన్న ఖర్చులే. నా అనుభవమూ అలాగే ఉంది. డయాలసిస్ ఉన్న రోజు పని వేళలు మార్చడం, మీటింగ్‌లో చెప్పిన పనిని తర్వాత రెండు లైన్లలో మెయిల్ చేయడం, అందరూ నడిచే దారి పక్కనున్న సీటు బదులు గోడ పక్కన సీటు ఇవ్వడం, ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందురోజే పంపడం, వీడియో కాల్‌లో క్యాప్షన్లు ఆన్ చేయడం. వీటికి డబ్బు అక్కర్లేదు, ఎవరో ఒకరు 'సరే' అనాలి, అంతే. ఆ ఒక్క 'సరే' కోసం మనిషి నెలల తరబడి తిరుగుతుంటాడు.

కాబట్టి గడువు పెట్టండి. అడిగిన రెండు పనిదినాల్లో 'మీ మెయిల్ అందింది, ఫలానావారు చూస్తున్నారు' అనే జవాబు వెళ్లాలి. పది పనిదినాల్లో నిర్ణయం రావాలి. వస్తువు కొనడం ఆలస్యమైతే ఈలోగా తాత్కాలిక ఏర్పాటు ఏమిటో చెప్పాలి. నిర్ణయం 'కాదు' అయితే కారణం రాతలో ఉండాలి, ప్రత్యామ్నాయం ఒకటైనా చూపించాలి. ఈ అంకెలు నా సూచనలు మాత్రమే, మీకు వీలైనవి పెట్టుకోండి, కానీ పెట్టినవి నిలబెట్టుకోగలిగేవై ఉండాలి.

డాక్టరు సర్టిఫికెట్ ప్రతిదానికీ అడగకండి. ఎత్తు మార్చుకునే టేబుల్‌కూ పెద్ద మానిటర్‌కూ సర్టిఫికెట్ ఎందుకు? అడిగినవాళ్లలో ఒకరిద్దరు అవసరం లేకుండా తీసుకున్నారనే అనుకోండి, పోయేదేముంది? సర్టిఫికెట్లు సేకరించడం, దాచడం, ఎవరి కంటా పడకుండా కాపాడటం ఆ టేబుల్ కన్నా ఖరీదు. ఆరోగ్య వివరాలు నిజంగా అవసరమైన చోట అవి హెచ్‌ఆర్‌లో ఒక్కరి దగ్గరే ఉండాలి. మేనేజర్‌కు ఏం చేయాలో తెలిస్తే చాలు, జబ్బు పేరు తెలియనక్కర్లేదు. ఇంకోటి, ఒప్పుకున్న సర్దుబాట్లన్నీ ఒక కాగితం మీద రాసి ఆ ఉద్యోగి చేతికివ్వండి. టీమ్ మారినా మేనేజర్ మారినా ఆ కాగితం చెల్లాలి. కొత్త మేనేజర్ వచ్చినప్పుడల్లా తన కథ మొదటినుంచీ చెప్పుకోవాల్సి రావడం కన్నా విసుగు పుట్టించేది లేదు. అది భరించలేక మంచి పనివాళ్లు మానేసిన సందర్భాలు నాకు తెలుసు.

'మా దగ్గర అలాంటివాళ్లు ఎవరూ లేరు కదా, ఇదంతా ఇప్పుడెందుకు' అని మీ డైరెక్టర్లలో ఒకరు తప్పకుండా అంటారు. ఉన్నారు, వాళ్లు చెప్పలేదు, అంతే. ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో వృద్ధులూ ఉన్నారు కాబట్టి ఆ నిష్పత్తి మీ ఆఫీసులో అలాగే ఉండకపోవచ్చు. అయినా రెండు వందల మందిలో ఒక చెవి సరిగ్గా వినపడనివాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్లు, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) ఉన్నవాళ్లు ఉండనే ఉంటారు. చాలా వైకల్యాలు చూస్తే తెలిసేవి కావు, ఉద్యోగంలో చేరాక వచ్చేవీ తక్కువ కాదు.

భవనం గురించి ఎక్కువ చెప్పను, కొలతలు ఆర్కిటెక్టులకు తెలుసు. ర్యాంపు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మెట్ల మీద పలక వేసి ర్యాంపు అనేవాళ్లను నమ్మకండి. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ కట్టించి అందులో చీపుర్లు, ఖాళీ అట్టపెట్టెలు దాచే అలవాటు ఎక్కడికి వెళ్లినా కనిపిస్తుంది, మీ ఆఫీసులో ఇప్పుడే వెళ్లి చూడండి. కానీ అందరూ మరిచిపోయేది లోపలికి రావడం కాదు, బయటికి వెళ్లడం. మంటలు లేస్తే లిఫ్ట్ వాడకూడదు. మరి మూడో అంతస్తులో వీల్‌చైర్‌లో ఉన్న మనిషి ఎలా దిగాలి? ఆ మనిషితో కూర్చుని ఆమె కోసం, ఆయన కోసం విడిగా ఒక ప్రణాళిక రాయాలి: ఎక్కడ ఆగాలి, మెట్ల మీదుగా దించే కుర్చీ ఎక్కడుంది, దాన్ని వాడటం ఎవరికి వచ్చు, వాళ్లు సెలవులో ఉంటే ఎవరు. అలారం మోత వినపడనివాళ్ల కోసం వెలిగి ఆరే దీపాలు టాయిలెట్లలో కూడా ఉండాలి. ఫైర్ డ్రిల్ రోజు 'మీరు ఉండండి, ఇది డ్రిల్లే కదా' అని వాళ్లను సీట్లోనే కూర్చోబెట్టే ఆఫీసులు ఉన్నాయి. నన్నడిగితే ఆ డ్రిల్ ముందుగా చేయాల్సింది వాళ్లతోనే.

నియామకాల్లో వైవిధ్యం గురించి. అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు, మరియాన్ బెర్‌ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్, బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5000 కల్పిత రెజ్యూమెలు పంపారు. ఏ రెజ్యూమెకు ఏ పేరన్నది యాదృచ్ఛికంగా పెట్టారు. 2004లో అచ్చయిన ఆ అధ్యయనంలో, తెల్లజాతి అనిపించే పేరున్నవాళ్లకు పది రెజ్యూమెలకు ఒక పిలుపు వస్తే, నల్లజాతి అనిపించే పేరున్నవాళ్లకు పదిహేను పంపితే గానీ ఒకటి రాలేదు. పేరు, ఊరు, కాలేజీ, ఇంటిపేరు ఇవి ఏ సమాజంలోనైనా ఏదో ఒకటి చెప్పేస్తాయి. యంత్రానికి అప్పగిస్తే ఈ బెడద పోతుందనుకోకండి. అమెజాన్ కంపెనీ తయారుచేసుకున్న రెజ్యూమె వడపోత సాఫ్ట్‌వేర్, దానికి నేర్పడానికి వాడిన పాత పదేళ్ల దరఖాస్తుల్లో మగవాళ్లవే ఎక్కువ కావడంతో, ఆడవాళ్లను సూచించే మాటలున్న రెజ్యూమెలకు మార్కులు తగ్గించడం నేర్చుకుంది. దాన్ని పక్కన పెట్టేశారని 2018లో వార్తలొచ్చాయి. పాత పక్షపాతాన్నే యంత్రం శ్రద్ధగా చదువుకుంది, అంతే తేడా.

మీరు చేయగలిగినవి పెద్ద కష్టమైనవేమీ కావు. అందరు అభ్యర్థులకూ అవే ప్రశ్నలు, అదే వరుసలో. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు వేసేయాలి, లేకపోతే సీనియర్ అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది. 'మన టీమ్‌కి సెట్ అవ్వరేమో' అనే కారణాన్ని మాత్రం ఒప్పుకోకండి, ఎందులో సెట్ అవ్వరో చెప్పమనండి. సాధారణంగా చెప్పలేరు. ఉద్యోగ ప్రకటనలో అలవాటుగా పడిపోయే అర్హతలు తీసేయండి. డెస్క్ ఉద్యోగానికి డ్రైవింగ్ లైసెన్స్ ఎందుకు? డేటా విశ్లేషణ చేసే మనిషి అనర్గళంగా మాట్లాడాల్సిన పనేముంది? 'సరుకు ఎత్తగలగాలి' అన్నదానికీ, 'సరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చగలగాలి' అన్నదానికీ మధ్య ట్రాలీ తోసుకుంటూ పనిచేయగల మనిషి ఒకరు మిగులుతారు.

శిక్షణ విషయానికి వస్తాను. ఒక్క రోజు శిక్షణ పెట్టి చేతులు దులుపుకుందామంటే కుదరదు. కేలెవ్, డాబిన్, కెల్లీ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో 708 ప్రైవేటు సంస్థల ముప్ఫై ఏళ్ల సమాచారం పరిశీలించి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. మేనేజర్ల స్థాయిలో మహిళలు, నల్లజాతివారు పెరగడానికి శిక్షణల వల్ల కలిగిన మేలు అన్నిటికన్నా తక్కువ. బాధ్యత ఒకరి మీద పెట్టిన చోట, అంటే దీనికోసమే ఒక అధికారినో కమిటీనో నియమించి జవాబు అడిగిన చోట, మార్పు ఎక్కువ కనిపించింది. నాకు ఇది ఏమాత్రం ఆశ్చర్యం కలిగించలేదు. శిక్షణ అసలే వద్దనను, పని నేర్పే శిక్షణ పెట్టండి. డాక్యుమెంట్లలో హెడింగులు సరిగ్గా పెట్టడం, బొమ్మకు వివరణ రాయడం, సర్దుబాటు అడిగిన ఉద్యోగితో మేనేజర్ ఏం మాట్లాడాలి, ఏం అడగకూడదు అన్నవి. వీటికి అరపూట చాలు.

కలుపుకుపోవడం అన్నది రోజువారీ చిన్న విషయాల్లో తేలిపోతుంది. మీటింగ్‌లో తెరమీది గ్రాఫ్ చూపించి 'ఇదిగో చూస్తున్నారుగా' అనేవాళ్లు అందులో ఏముందో నోటితో చెప్పాలి. గదిలో ఉన్నవాళ్లు మైకు లేకుండా మాట్లాడితే దూరం నుంచి కలిసినవాళ్లకూ, క్యాప్షన్లకూ ఏమీ అందదు. సాయంత్రం పొద్దుపోయాక పెట్టే మీటింగులు పిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకునేవాళ్లను బయటే ఉంచేస్తాయి. మినిట్స్ రాయడం, కేకు తెప్పించడం ప్రతిసారీ ఎవరి మీద పడుతోందో గమనించండి, పెద్ద ప్రాజెక్టులు ఎవరికి వెళుతున్నాయో కూడా. వేధింపుల ఫిర్యాదుకు విడిగా దారి ఉండాలి, ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకుంటే అదే ఒక నేరంగా చూడాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 నాటి 190వ ఒప్పందం ఈ రక్షణ గురించి స్పష్టంగా మాట్లాడుతుంది, ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవాళ్లను కూడా అందులో కలిపింది.

వీల్‌చైర్‌లో ఉన్న ఉద్యోగి ఫొటో పోస్టర్ మీద వేయాలని మార్కెటింగ్ వాళ్లు ఉబలాటపడతారు. ఆపండి. అలాగే ఈ పేజీ రాయడానికీ, కమిటీ నడపడానికీ ఆ ఉద్యోగులనే పిలిస్తే, దాన్ని వాళ్ల పనిగంటల్లో లెక్కకట్టండి, ఏడాది చివర పనితీరు మదింపులో రాయండి. ఊరికే చేయించుకోకూడదు.

ఇక మీ చివరి ప్రశ్న, వివరాలు అడగడం. దరఖాస్తు ఫారంలోనే అడగొద్దు, విడిగా అడగండి. ఎందుకు అడుగుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి, 'చెప్పదలచుకోలేదు' అనే గడి పెట్టండి, ఎంపిక చేసేవాళ్లెవరికీ అవి కనిపించకుండా చూడండి. 'ఇంటర్వ్యూకి ఏదైనా ఏర్పాటు కావాలా?' అనే ప్రశ్న మాత్రం అందరినీ అడగొచ్చు, అడగాలి కూడా. ఏ వివరాలు అడగొచ్చో కొన్ని దేశాల్లో చట్టం గట్టిగా కట్టడి చేస్తుంది, అది ముందే చూసుకోండి. వచ్చిన లెక్కల్లో 'మా దగ్గర ఇంతమంది ఉన్నారు' అన్న అంకె కన్నా దశలవారీ లెక్క ఎక్కువ చెబుతుంది: ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమంది ఇంటర్వ్యూ దాకా వచ్చారు, ఎంతమందికి ఉద్యోగం ఇచ్చారు, ఎంతమంది రెండేళ్లలోపు వెళ్లిపోయారు. మనుషులు ఎక్కడ రాలిపోతున్నారో అక్కడే మీ పని ఉంది. మీది చిన్న సంస్థ కాబట్టి ఇద్దరు ముగ్గురే ఉన్న వర్గం అంకెలు బయటపెట్టకండి, అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ఇవన్నీ తేలాక పేజీ రాయండి. ఇంకా సరికాని వాటిని కూడా అందులో చెప్పండి: పాత భవనంలో రెండో అంతస్తుకు లిఫ్ట్ లేదు, అక్కడి ఇంటర్వ్యూలు కింది గదిలో పెడతాం, ఫలానా నెలకల్లా లిఫ్ట్ వస్తుంది. ఇలాంటి వాక్యం చదివిన అభ్యర్థి మిగతా వాక్యాలను కూడా నమ్ముతాడు. పేజీని బొమ్మగానో స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానో పెట్టకండి, మామూలు వెబ్ పేజీగా పెట్టండి. సంప్రదించడానికి ఒక్క ఫోన్ నంబరే ఇస్తే వినపడనివాళ్లు ఏం చేయాలి, మెయిల్ కూడా ఇవ్వండి. ప్రచురించే ముందు ఆ మెయిల్‌కు రోజూ ఎవరు జవాబిస్తారో, వాళ్లు సెలవులో ఉంటే ఎవరు చూస్తారో పేర్లతో సహా ఖాయం చేసుకోండి. బయటివాళ్లెవరితోనైనా ఒక ప్రశ్న పంపించి, ఎన్నాళ్లకు జవాబొచ్చిందో చూసి, ఆ తర్వాతే 'పబ్లిష్' నొక్కండి.